హ్యాపీ డేస్ సీరియల్లో ఫాంజీ బండి ఏ మోడల్? అలాంటిది తయారు చేయాలంటే ఏ బండి కొనాలి?

చక్రధారి_మిల్వాకీ:

ముందే చెప్తున్నా, మన కాలేజీ సినిమా హ్యాపీ డేస్ గురించి కాదు. 1974 నుంచి 1984 దాకా ఏబీసీలో వచ్చిన అమెరికన్ సీరియల్ గురించి. తోలు జాకెట్ వేసుకుని, రెండు బొటనవేళ్ళూ పైకెత్తి "ఏయ్" అంటాడే ఫాంజీ, హెన్రీ వింక్లర్ వేసిన పాత్ర, అతని బండి సంగతి.

నేను ఉండేది మిల్వాకీలో. సీరియల్ కథ జరిగేది కూడా ఈ ఊళ్ళోనే. ఇక్కడ నది ఒడ్డున 2008లో ఫాంజీ కంచు విగ్రహం పెట్టారు, వచ్చినవాళ్ళందరూ దాని పక్కన బొటనవేలెత్తి ఫొటో దిగుతారు. విగ్రహం ఉంది గానీ బండి లేదు, ఆ లోటు నేనే తీర్చాలని ఎప్పటినుంచో ఉంది.

సమస్య ఏంటంటే అసలు ఆ బండి ఏదో తేలట్లేదు. పాత ఎపిసోడ్లు చూస్తే ఒక రకం ఇంజన్ కనిపిస్తోంది, తర్వాత సీజన్లలో వేరే రకం. ఒకాయన హార్లే అంటాడు, ఇంకొకాయన ట్రయంఫ్ అంటాడు. ఇంతలో 1969 ట్రయంఫ్ బోనవిల్ అమ్ముతున్నాయన ఒకరు దొరికారు, "ఫాంజీ నడిపింది అచ్చం ఇదే, మడ్‌గార్డ్ పీకేస్తే చాలు" అని ఒట్టేసి చెప్తున్నాడు. బడ్జెట్ 12 వేల డాలర్లు. ఇంజన్ విప్పి బిగించడం వచ్చు, వెల్డింగ్ రాదు. గోడకి ఆనించి చూసుకోవడానికి కాదు, వేసవిలో ఊళ్ళో పెరేడ్‌లో నడపాలి. ఏం కొనమంటారు?

మాగ్నెటో_మామ:

ఆ బోనవిల్ ఆయన్ని ముందు వదిలెయ్. కారణం కిందికొచ్చాక చెప్తా.

నువ్వు చూసింది కరెక్టే, బండ్లు మారాయి. మొదట్లో ఫాంజీ కింద ఉన్నది హార్లే. ఇంజన్‌ని పక్కనుంచి చూడు, రెండు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి, వీ ఆకారంలో విడిపోయి ఉంటే అది హార్లే. తర్వాత సీజన్లలో జనం గుర్తుపెట్టుకున్న బండికి రెండు సిలిండర్లు పక్కపక్కనే నిటారుగా నిలబడి ఉంటాయి, పక్కనుంచి చూస్తే ఒకటే కనబడుతుంది. అది ట్రయంఫ్. హార్లే పుట్టిన ఊళ్ళో కథ పెట్టి హీరోకి ఇంగ్లాండ్ బండి ఇవ్వడం అప్పట్లో మిల్వాకీ వాళ్ళకి ఎలా అనిపించిందో గానీ, ఫాంజీ బండి అంటే అందరికీ గుర్తొచ్చేది ఈ ట్రయంఫే.

మోడల్ పేరు టీఆర్5 ట్రోఫీ. వేలం సంస్థ బోన్‌హామ్స్ అమ్మకానికి పెట్టిన ఫాంజీ బండి 1949 మోడల్ టీఆర్5. 498 సీసీ, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 63 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 80 మి.మీ., ఒకటే కార్బురేటర్, పవర్ 25 హార్స్‌పవర్ దగ్గర. 1948లో ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ సిక్స్ డేస్ ట్రయల్ అనే ఆరు రోజుల బైక్ పోటీలో ట్రయంఫ్ జట్టు ప్రైజ్ కొట్టింది, ఆ పేరు మీదే ట్రోఫీ అని పెట్టారు. అంటే ఇది అసలు మట్టిలో, రాళ్ళలో తొక్కడానికి చేసిన బండి, హోటల్ ముందు స్టాండ్ వేసి అమ్మాయిల్ని చూడ్డానికి కాదు.

1949, 50 టీఆర్5 ఇంజన్‌ని గుర్తుపట్టడం తేలిక. సిలిండర్ ఫిన్లు (వేడి తగ్గించే రెక్కలు) గుండ్రంగా కాకుండా చదరంగా ఉంటాయి. యుద్ధ కాలంలో ట్రయంఫ్ చేసిన జనరేటర్ ఇంజన్ల నుంచి వచ్చిన అల్యూమినియం బ్యారెల్ (సిలిండర్ దిమ్మ) అది. జనరేటర్‌లో గాలి తొడుగు బిగించడానికి పెట్టిన బొడిపెలు సిలిండర్ పక్కన అలాగే మిగిలిపోయాయి, వాటితో బండికి పనేం లేదు. సైలెన్సర్ పైపులు కూడా హెడ్ (సిలిండర్ మీది మూత) నుంచి తిన్నగా ముందుకు వస్తాయి, మామూలు ట్రయంఫ్‌లలో లాగా చెరో పక్కకి విచ్చుకోవు. 1951 నుంచి ఫిన్లు దగ్గర దగ్గరగా ఉండే కొత్త బ్యారెల్ వచ్చేసింది.

ఇప్పుడు బోనవిల్. 1969ది 650 సీసీ, రెండు కార్బురేటర్లు, వెనక షాకబ్సార్బర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉంటాయి. ఫాంజీ బండిలో గేర్‌బాక్స్ విడిగా, ఇంజన్ వెనక ప్లేట్ల మధ్య బిగించి ఉంటుంది, వెనక షాకబ్సార్బర్లు అసలు లేవు. ట్రయంఫ్ 650లు 1963 నుంచి ఒకే కేసుకి మారాయి, 500లు అంతకంటే ముందే. కాబట్టి నీకు కావలసింది విడి గేర్‌బాక్స్ ఉన్న పాత తరం బండి. మడ్‌గార్డ్ పీకితే కాదు, పక్కనున్న పిల్లాడు కూడా తేడా పట్టేస్తాడు.

కిక్‌రాడ్:

మామ చెప్పిందానికి ఒకటి కలుపుతా. పెట్రోల్ ట్యాంక్ మీద ఎంబ్లం చూసి కూడా ఏ కాలం బండో సుమారుగా చెప్పొచ్చు. 1949 టీఆర్5 ట్యాంక్ క్రోమ్, మధ్యలో వెండి రంగు, నీలం గీత. 1950 నుంచి క్రోమ్ తీసేసి ట్యాంక్ మీద నాలుగు అడ్డ పట్టీలు వచ్చాయి. 57లో జాలీ లాంటి ఎంబ్లం. కానీ ట్యాంక్ మార్చడం అరగంట పని కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మి డబ్బులివ్వకండి.

చక్రధారి_మిల్వాకీ:

అబ్బ, ఇద్దరికీ థ్యాంక్స్. బోనవిల్ క్యాన్సిల్.

ఇప్పుడు కొత్త టెన్షన్. వెతికితే రెండు కనిపించాయి. ఒకటి 1949 టీఆర్5, దాదాపు పూర్తిగా ఉంది, నడుస్తోంది, ధర నా బడ్జెట్ దాటిపోయింది, అప్పు చేయాలి. రెండోది 1951 ట్రయంఫ్ 5టీ స్పీడ్ ట్విన్, కాస్త తుప్పు, ఇంజన్ తిరుగుతోంది గానీ ఏళ్ళుగా స్టార్ట్ చేయలేదు, ధర నా బడ్జెట్‌లో సగం లోపే. మనసు మొదటిదాని మీదే ఉంది. అదే కొని ముందు మడ్‌గార్డ్ తీసేసి, వెనకది కోసేసి, హ్యాండిల్ మార్చేస్తే అసలు సిసలు ఫాంజీ బండి అయిపోతుంది కదా?

రివెట్_రాణి:

దయచేసి ఆ టీఆర్5 జోలికి వెళ్ళకండి, వెళ్ళినా కట్టర్ పట్టుకుని వెళ్ళకండి. పూర్తిగా మిగిలిన 1949 టీఆర్5లు ఎన్నున్నాయని? దాన్ని కోస్తే మీకు ఫాంజీ బండి రాదు, ఒక మంచి టీఆర్5 పోతుంది, అంతే.

అసలు ఫాంజీ బండి ఎలా పుట్టిందో చూడండి. ఆ బండ్లు ఇచ్చింది బడ్ ఎకిన్స్. లాస్ ఏంజెలిస్ దగ్గర ట్రయంఫ్ డీలర్, స్టంట్ మాన్, ది గ్రేట్ ఎస్కేప్ (1963)లో స్టీవ్ మెక్‌క్వీన్ బదులు కంచె మీదుగా బండి దూకించింది ఆయనే. ఆ సినిమాలో కూడా ట్రయంఫ్‌నే జర్మన్ సైన్యం బండిలా వేషం వేసి వాడారు. అంటే ట్రయంఫ్‌కి వేషం వేయడం ఆయనకి కొత్త కాదు. ఫాంజీ కోసం ఆయన చేసింది ఇంకా తక్కువ. ముందు మడ్‌గార్డ్ పీకాడు, వెడల్పాటి కొమ్ముల్లాంటి హ్యాండిల్ బిగించాడు, ట్యాంక్‌కి వెండి రంగు స్ప్రే కొట్టాడు. అప్పటికి అది పాత సెకండ్‌హ్యాండ్ బండి, ఎవరూ దాన్ని గొప్పగా చూడలేదు. పైగా సీరియల్లో వాడింది ఒక్క ట్రయంఫ్ కాదు, ఎకిన్స్ దగ్గర్నుంచి వచ్చినవి ఒకటి కంటే ఎక్కువే, ఒకేలా కనిపించేట్టు తయారుచేసినవి. ఒక ఎపిసోడ్‌కీ ఇంకో ఎపిసోడ్‌కీ చిన్న చిన్న తేడాలు కనిపిస్తే మీ కళ్ళు మోసం చేయట్లేదు.

కాబట్టి ఫాంజీ బండి స్ఫూర్తి అంటారా, అది దొరికిన పాత ట్రయంఫ్‌ని తీసుకుని కనిపించేంత మేర మార్చడమే. ఆ లెక్కన మీ తుప్పు 5టీ ఆ సీరియల్ వాళ్ళు చేసిన పనికి ఎక్కువ దగ్గర. అదే కొనండి.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:

రాణి గారితో సగమే ఒప్పుకుంటా. టీఆర్5ని కోయొద్దు, సరే. కానీ 5టీ కొని హ్యాండిల్ మార్చేసి ఫాంజీ బండి అంటే నేను ఒప్పుకోను. 5టీ ఫ్రేమ్ రోడ్డు బండి ఫ్రేమ్, టీఆర్5 ఫ్రేమ్ దానికంటే పొట్టి, నేల నుంచి ఎత్తు ఎక్కువ. 5టీ బ్యారెల్, హెడ్ పోత ఇనుము, గుండ్రం ఫిన్లు. పక్కన నిలబెట్టి ఫొటో తీస్తే బండి సాగదీసినట్టు కనిపిస్తుంది. ఇంకో పెద్ద తేడా, 1949 నుంచి 5టీకి ముందు హెడ్‌లైట్, స్పీడోమీటర్ అన్నీ కలిపి ఫోర్క్ మీద ఒకే రేకు తొడుగులో పెట్టారు. టీఆర్5కి అది లేదు, హెడ్‌లైట్ విడిగా, పోటీలప్పుడు ఊడదీసేట్టు ఉంటుంది. ఆ తొడుగు ఉంచి హ్యాండిల్ మారిస్తే దూరం నుంచే నకిలీ అని అరుస్తుంది.

చక్రధారి గారూ, మీరు ముందు తేల్చుకోవలసింది ఏ సీజన్ బండి కావాలి అని. ఒక్క ఎపిసోడ్ పట్టుకోండి, ఆపి ఆపి చూడండి, ఎడమ వైపు, కుడి వైపు, ముందు నుంచి వేరు వేరుగా ఫొటోలు తీసి పెట్టుకోండి. సైలెన్సర్ పైపు ఏ ఎత్తులో పోతోంది, సీటు ఒంటిదా జంటదా, వెనక మడ్‌గార్డ్ ఎక్కడిదాకా ఉంది, లైటు ఎక్కడ, ఇవన్నీ ఆ ఒక్క ఎపిసోడ్ నుంచే తీసుకోండి. అన్ని సీజన్లూ కలిపి వండితే ఏ సీజన్‌లోనూ లేని బండి తయారవుతుంది, ఇప్పటికే తయారైన నకళ్ళలో సగం అలాంటివే.

మూడో సీజన్ నుంచి, అంటే 1975 నుంచి, సెట్‌లో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి మూడు కెమెరాలతో తీశారు, అందుకే బండి లైట్ల వెలుగులో ఆగి ఉన్న సీన్లు దొరుకుతాయి. వివరాలు చూడ్డానికి అవే మంచివి.

మాగ్నెటో_మామ:

ఫ్రేమ్‌బైఫ్రేమ్ తమ్ముడూ, పెరేడ్‌లో నడిపే బండికి రెండు అంగుళాల తేడా ఎవడు కొలుస్తాడు చెప్పు? హెడ్‌లైట్ విషయం మాత్రం వందకి వంద నిజం, అది తప్పకుండా మార్చాలి. చదరపు బ్యారెల్ సంగతి తర్వాత డబ్బులుంటే చూసుకోవచ్చు, కింది క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు పెట్టె) ఆ కుటుంబానిదే.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. వింక్లర్‌కి బండి నడపడమే రాదు. మొదటిసారి ఎక్కించినప్పుడు క్లచ్, యాక్సిలరేటర్, బ్రేకు కుదరక, కెమెరా మాన్ మీదికి వెళ్ళబోయి సౌండ్ ట్రక్ కిందికి దూరిపోయాడని ఆయనే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ తర్వాత బండిని చక్రాలున్న చెక్క మీద బిగించి తోసుకుంటూ తీశారు. కాబట్టి చక్రధారి పెరేడ్‌లో నిజంగా నడిపితే ఆ విషయంలో ఫాంజీ కంటే ముందున్నట్టే.

జాకెట్ కథ కూడా ఈ బండి వల్లే. తోలు జాకెట్ వేస్తే రౌడీలా ఉంటాడని ఛానెల్ వాళ్ళు ఒప్పుకోలేదట, మొదట్లో బట్ట జాకెట్‌తోనే కనిపిస్తాడు చూడండి. మోటార్‌సైకిల్ నడిపేవాడికి తోలు జాకెట్ రక్షణ కోసం అని నిర్మాత గ్యారీ మార్షల్ వాదించి, బండి దగ్గర ఉన్నప్పుడు వేసుకోవచ్చని ఒప్పించాడు. అంతే, ఇక ఫాంజీ ఎక్కడుంటే బండి అక్కడ పెట్టేశారు.

చక్రధారి_మిల్వాకీ:

సరే, మనసు మార్చుకున్నా, 5టీనే. రేపు శనివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏం చూడాలి? ఏమేం ఇబ్బందులు ఉంటాయి? వెనక చక్రం మధ్యలో హబ్ చాలా లావుగా, డ్రమ్ములా ఉంది ఫొటోలో. బ్రేకు పెద్దదేమో అనుకున్నా.

స్పానర్_శీను:

ఆ లావు హబ్ బ్రేకు కాదన్నా, అదే స్ప్రంగ్ హబ్. వెనక షాకబ్సార్బర్ లేని ఫ్రేమ్‌కి, చక్రం మధ్యలోనే స్ప్రింగులు పెట్టి కాస్త కుదుపు తగ్గించాలని ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ చేసిన ఏర్పాటు. ఒక్కమాట గట్టిగా చెప్తున్నా, దాన్ని మామూలు పానాలతో విప్పొద్దు. లోపల స్ప్రింగులు విపరీతమైన ఒత్తిడితో బిగించి ఉంటాయి, వాటిని పట్టి ఉంచే సరైన జిగ్ లేకుండా విప్పితే ఎగిరొచ్చి మొహం పగలగొడతాయి, విప్పొద్దని హబ్ మీదే హెచ్చరిక పోత పోసి ఉంటుంది. నీకు ఫాంజీ బండికి ఎలాగూ మామూలు హబ్ కావాలి కాబట్టి చక్రం మొత్తంగా తీసి పక్కన పెట్టు, దాన్ని విడిగా అమ్మినా కొనేవాళ్ళున్నారు, ఆ డబ్బుతో మామూలు వెనక చక్రం వస్తుంది. టీఆర్5 కొలత కావాలంటే ముందు 20 అంగుళాలు, వెనక 19.

చూడ్డానికి వెళ్ళినప్పుడు బండి కంటే ముందు నంబర్లు చూడు. ఇంజన్ నంబరు ఎడమ క్రాంక్‌కేస్ మీద, సిలిండర్ కింద ఉంటుంది. ఫ్రేమ్ నంబరు స్టీరింగ్ హెడ్ దగ్గర ఎడమ పక్క. ఆ కాలం ట్రయంఫ్‌లు ఫ్యాక్టరీ నుంచి రెండూ ఒకే నంబరుతో వచ్చాయి. అంకెలు వంకరగా, కొత్తగా కొట్టినట్టు ఉంటే, లేదా ఆ చోటు రాకినట్టు నున్నగా ఉంటే వెనక్కి వచ్చెయ్. బ్రిటన్‌లో వింటేజ్ మోటార్‌సైకిల్ క్లబ్ దగ్గర ట్రయంఫ్ ఫ్యాక్టరీ రికార్డులు ఉన్నాయి, ఫీజు కడితే ఆ నంబరు బండి ఎప్పుడు బయటికి వచ్చిందో చెప్తారు. టైటిల్ కాగితం (బండి ఓనరు పత్రం) మీద ఏ నంబరు ఉందో చూడు, ఇంజన్‌దా ఫ్రేమ్‌దా. టైటిల్ లేదంటే ఎంత చవకైనా వద్దు, విస్కాన్సిన్ డీఎంవీ (మన ఆర్టీవో లాంటి ఆఫీసు) చుట్టూ తిరిగేసరికి పెరేడ్ అయిపోతుంది.

ఇంజన్ తిరుగుతోంది అన్నావు కదా, దాన్ని చూసి సంబరపడకు, కిక్ కొట్టి స్టార్ట్ చేయాలని కూడా చూడకు. ఈ ట్రయంఫ్‌ల క్రాంక్ లోపల ఆయిల్ మురికిని పట్టే గొట్టం ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మురికి గట్టిపడి ఆయిల్ దారిని మూసేస్తుంది. పైపైన అంతా బాగుందని నడిపితే కొన్ని మైళ్ళకే బేరింగ్ పోతుంది. కాబట్టి ఇంజన్ పూర్తిగా విప్పి, క్రాంక్ తీసి, ఆ గొట్టం శుభ్రం చేయడం తప్పదు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో. నిలబెట్టిన బండిలో ఆయిల్ ట్యాంక్‌లోని ఆయిల్ మెల్లగా పంపు దాటి క్రాంక్‌కేస్‌లోకి దిగిపోవడం కూడా మామూలే, మొదట స్టార్ట్ చేసే ముందు అడుగున బోల్టు విప్పి తీసెయ్.

పానాలు కొత్తవి కొనాలి. ఇవి అమెరికన్ ఇంచుల సైజులూ కావు, మిల్లీమీటర్లూ కావు, విట్‌వర్త్ సైజులు. దగ్గర దగ్గరగా సరిపోయింది కదా అని ఉన్నదాంతో తిప్పితే నట్ల మూలలన్నీ గుండ్రమైపోతాయి. మరలు కూడా ఎక్కువగా సైకిల్ థ్రెడ్, అంగుళానికి 26 గీతలు, దానికి మామూలు బోల్టు బలవంతంగా ఎక్కించిన గత ఓనర్ల పుణ్యం నీకు చాలా చోట్ల కనిపిస్తుంది.

నడపడంలో ఒకటి గుర్తుపెట్టుకో, గేరు కుడి కాలు, వెనక బ్రేకు ఎడమ కాలు. అమెరికాలో ఎడమ గేరు తప్పనిసరి చేసింది 1974 సెప్టెంబరు నుంచి తయారైన బండ్లకే, దీనికి వర్తించదు. కొత్త బండి అలవాటున్న కాలు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతుంది. పెరేడ్‌కి ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో బాగా తిరుగు.

రివెట్_రాణి:

శీను గారి పోస్ట్ చదివాక ఒక్కటే కలుపుతా. రంగు విషయంలో అతి చేయకండి. పౌడర్ కోటింగ్, అద్దంలా మెరిసే క్రోమ్ చేయిస్తే షోరూమ్ బండి అవుతుంది, సీరియల్ బండి అవ్వదు. ట్యాంక్‌కి మంచి ప్రైమర్ వేసి, దాని మీద మామూలు వెండి రంగు, అంతే. 5టీ ఒరిజినల్ రంగు ముదురు ఎరుపు, దాని మీద నేరుగా వెండి రంగు కొడితే గీతలు పడ్డచోట ఎరుపు కనిపిస్తుంది, గీకేసి మొదలుపెట్టండి. తీసేసిన మడ్‌గార్డ్‌లు, ఆ హెడ్‌లైట్ తొడుగు, స్ప్రంగ్ హబ్ ఏదీ కోయకుండా దాచుకుంటే రేపెప్పుడైనా మళ్ళీ 5టీగా మార్చుకోవచ్చు. హబ్ అమ్మడం గురించి శీను గారితో నాకు పేచీ ఉంది, అట్టిపెట్టమనే అంటా.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:

సరే, నేనూ తగ్గుతున్నా, 5టీతోనే కానివ్వండి. హ్యాండిల్ మాత్రం ఫొటో చూసి కొలిచి కొనండి. ఫోర్క్ పై బిగింపు దగ్గర గొట్టం మందం తెలిసిందే కాబట్టి దాన్ని ఆధారం చేసుకుని స్క్రీన్ మీద వెడల్పు, ఎత్తు లెక్కేయొచ్చు. కెమెరా సరిగ్గా ఎదురుగా ఉన్న షాట్ తీసుకోండి, ఏటవాలుగా ఉన్నది వద్దు. ఆ ఫొటో ఇక్కడ పెడితే లెక్క నేను చేస్తా.

చక్రధారి_మిల్వాకీ:

ఫొటో ఈ రాత్రి పెడతా. అమ్మేవాడికి ఫోన్ చేశా, టైటిల్ ఉందట, నంబరు ఇంజన్‌దేనట, ఫ్రేమ్ నంబరు తుప్పులో సరిగా కనిపించట్లేదు అంటున్నాడు. వెళ్ళేటప్పుడు వైర్ బ్రష్ తీసుకెళ్ళనా, గీకితే అంకెలు పాడవుతాయా?

స్పానర్_శీను:

వైర్ బ్రష్ వద్దు. కిరసనాయిలు, గుడ్డ, పాత టూత్‌బ్రష్ తీసుకెళ్ళు. టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అంకెల నీడ పడి చదవడానికి వస్తుంది. ఓనరు ముట్టుకోనివ్వకపోతే డబ్బులు జేబులోనే పెట్టుకుని వచ్చెయ్.